బడి భోజనం పనిచేస్తోందో లేదో ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మధ్యాహ్న భోజనం గురించి మాట మొదలైతే చాలు, ఇద్దరు తగులుతారు. ఒకాయన "పిల్లలు బడికొచ్చేదే అన్నం కోసం, దానికి మళ్ళీ లెక్కలెందుకు" అంటాడు. ఇంకొకాయన "ఇన్నేళ్ళుగా పెడుతున్నారు, ఏం ఒరిగింది, పిల్లాడికి ఎక్కాలే రావు" అంటాడు. ఈ పథకం ఫలితాన్ని ఎలా కొలుస్తారు, ఇప్పటిదాకా ఏం తేలింది అని పదే పదే వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇక్కడ ఒకచోట జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు వీలైనంతవరకు మన రెండు రాష్ట్రాలవే.

ముందు సూటిగా చెప్పండి. పనిచేస్తోందా, లేదా?

ఆకలి తీర్చడంలో, పిల్లల్ని బడికి రప్పించడంలో పనిచేస్తోంది, దీనికి గట్టి ఆధారాలే ఉన్నాయి. చదువులో కొంత లాభం కనిపించింది, అదీ ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళలో. రక్తహీనత దగ్గర ఉత్త అన్నం, పప్పు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. మీ ఊరి బడిలో పనిచేస్తోందా అంటే మాత్రం ఏ అధ్యయనమూ చెప్పదు, అది మీరే వెళ్ళి చూడాలి. ఏం చూడాలో చివరి జవాబులో ఉంది.

దేన్ని బట్టి పనిచేసిందంటారు? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారే?

గొడవంతా ఇక్కడే. 1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకాన్ని మొదలుపెట్టినప్పుడు దాని పేరులోనే ప్రాథమిక విద్యకి పోషకాహార మద్దతు అని ఉంది, అంటే బడీ కావాలి, తిండీ కావాలి. కానీ చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకి 3 కిలోల చొప్పున ధాన్యం ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. ఆ గింజలు ఇంటికెళ్తే ఇల్లంతా తింటుంది, పిల్ల కడుపులోకి ఎంత వెళ్ళిందో ఎవరికి తెలుసు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలంది. కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి కనీసం 200 రోజులు అని స్పష్టంగా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండి పెట్టడం 2003 జనవరిలో మొదలైంది. ఇప్పుడు కొలత ఇంకా పెరిగింది: ఐదో తరగతి వరకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 700 కేలరీలు, 20 గ్రాములు.

అంటే ఒకే పథకానికి నాలుగు లక్ష్యాలు ఉన్నాయి: ఆకలి, హాజరు, పోషణ, అందరూ ఒకే పంక్తిలో కూర్చోవడం. వాటిలో ఏది కొలుస్తున్నారో చెప్పకుండా "ఫెయిల్" అనే రిపోర్టుని నేనైతే పక్కన పెట్టేస్తాను.

భోజనం తినే పిల్లల్ని, తినని పిల్లల్ని పోలిస్తే తేలిపోతుంది కదా?

తేలదు. బడిలో తినని పిల్లలెవరు? ఇంటి నుంచి బాక్సు తెచ్చుకునేవాళ్ళు, లేదా ప్రైవేటు బడికి వెళ్ళేవాళ్ళు. అంటే ముందే కాస్త ఉన్న ఇళ్ళవాళ్ళు. వాళ్ళ ఎత్తు, బరువు, మార్కులు ఎక్కువుంటే "బడి భోజనం తిన్నవాళ్ళు వెనకబడ్డారు" అని రాసేస్తే ఎంత అన్యాయమో చూడండి. ఇలాంటి పోలికతో వచ్చిన కాలేజీ ప్రాజెక్టులు కుప్పలు.

అడగాల్సిన ప్రశ్న వేరు: ఇదే పిల్లకి ఇదే రోజు బడిలో అన్నం పెట్టకపోయి ఉంటే ఏం జరిగేది? అది కంటికి కనబడదు కాబట్టి దానికి దగ్గరగా ఉండే పోలికని వెతుక్కోవాలి. కొన్ని రాష్ట్రాలు ముందు మొదలుపెట్టాయి, కొన్ని ఆలస్యం చేశాయి, ఆ తేడా వాడుకోవచ్చు. ఒకే పిల్ల బడి ఉన్న రోజు ఏం తింది, ఆదివారం ఏం తింది అని చూడవచ్చు. లాటరీ వేసి కొన్ని బళ్ళకి ముందు, కొన్నిటికి తర్వాత ఇవ్వవచ్చు. ఏ రిపోర్టు చేతికొచ్చినా ముందు వెతకాల్సింది ఇదే: ఎవరితో పోల్చారు?

మన తెలుగు పిల్లల మీద ఎవరైనా సరిగ్గా చూశారా?

చూశారు, అందులోనూ ప్రపంచమంతా చెప్పుకునే పనే జరిగింది. యంగ్ లైవ్స్ అనే అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో దాదాపు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని, కొన్నేళ్ళకోసారి మళ్ళీ మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళి ఎత్తు, బరువు, చదువు, ఇంటి కష్టాలు అన్నీ రాసుకుంటూ వచ్చింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది 2001-02లో పుట్టినవాళ్ళు. ఆ తర్వాతి కరువు సంవత్సరాలు ఎలాంటివో అనంతపురం, మహబూబ్‌నగర్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, బస్సులు నిండా వలసలు పోయిన రోజులవి.

అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ఆర్థికవేత్తలు ఈ లెక్కలతోనే మధ్యాహ్న భోజనం ప్రభావాన్ని చూశారు. కరువు దెబ్బ తిన్న ఇళ్ళలో పిల్లల ఎదుగుదల కుంటుపడింది. అలాంటి ఇళ్ళ పిల్లలే బడిలో భోజనం తింటున్నప్పుడు ఆ నష్టం పూడింది, లాభం చిన్నదేమీ కాదు, పెద్దదే. బడిలో ఎవరు చేరారు, ఎవరు చేరలేదు అనే తేడా ఫలితాన్ని చెడగొట్టకుండా, చేరే వయసు దగ్గర వచ్చే తేడాని వాడుకుని లెక్క కట్టారు.

నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఒకటుంది. ఈ ఫలితాన్ని రాష్ట్రమంతటికీ సగటు తీసి చూస్తే లాభం చిన్నదిగా కనబడుతుంది, ఎందుకంటే పంట బాగా పండిన ఏడు ఆ పూట భోజనం పిల్లకి అంత తేడా చేయదు. ఎండిపోయిన ఏడు అదే భోజనం దిక్కు అవుతుంది. కాబట్టి మంచి రోజుల్లో సర్వే చేసి "పెద్ద ప్రభావం లేదు" అని తేల్చేవాళ్ళని కాస్త జాగ్రత్తగా చదవాలి. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా భోజనం పెట్టమని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది, 2016లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. బడి మూసేసిన ఆ రెండు నెలలే ఈ పథకానికి అసలు బొక్క, మూల్యాంకనాలు మాత్రం బడి తెరిచిన రోజులనే చూస్తుంటాయి.

బళ్ళో తింటున్నాడు కదా అని ఇంట్లో తగ్గించేస్తే లాభమేముంది?

న్యాయమైన అనుమానమే. దీన్ని మధ్యప్రదేశ్‌లో ఫర్జానా అఫ్రిది అనే ఆర్థికవేత్త పరీక్షించారు. పిల్లలు అంతకుముందు 24 గంటల్లో ఏమేం తిన్నారో అడిగి రాసుకున్నారు, కొందరిని బడి ఉన్న రోజు గురించి, కొందరిని లేని రోజు గురించి. బడిలో ఇచ్చిన పోషకాల్లో 49 నుంచి 100 శాతం వరకు నిజంగా ఆ పిల్ల రోజు మొత్తం తిండికి అదనంగా చేరాయి. రోజువారీ కేలరీల లోటు దాదాపు 30 శాతం తగ్గింది. ఇంట్లో ఆ పూట ముద్ద తగ్గించి ఉండొచ్చు, అయినా పిల్ల తిన్న మొత్తం పెరిగింది. గింజలు ఇంటికివ్వడానికీ, వండి బడిలో పెట్టడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

హాజరు నిజంగా పెరిగిందా, లేక రిజిస్టర్లోనే పెరిగిందా?

రెండూ. జాన్ డ్రెజ్, అపరాజితా గోయల్ 2002 ప్రాంతంలో రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, కర్ణాటక బళ్ళలో చూస్తే ఒక్క ఏడాదిలో ఒకటో తరగతిలో చేరేవాళ్ళు దాదాపు 15 శాతం పెరిగారు, ఆడపిల్లలు ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో అది పెద్ద సంగతి. కానీ 2018 అసర్ సర్వే (ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువుని చూసే సర్వే) నాటికే గ్రామాల్లో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో బడిలో పేరు లేనివాళ్ళు 3 శాతం లోపుకి వచ్చేశారు. ఇంకా నమోదు సంఖ్యతో ఈ పథకాన్ని కొలవడం పాతబడిన గజంతో బట్ట కొలిచినట్టే. ఇప్పుడు చూడాల్సింది రోజూ ఎంతమంది వస్తున్నారు, మధ్యాహ్నం తిన్నాక ఎంతమంది ఉంటున్నారు అనేది. ప్లేటు కడుక్కుని ఇంటికి పోయే పిల్లలు మీ బడిలో ఎంతమందో హెచ్‌ఎంని అడిగి చూడండి, చెప్పడానికి కాస్త ఇబ్బంది పడతారు.

భోజనం పెడుతున్నా సర్కారు బళ్ళలో పిల్లలు తగ్గిపోతున్నారుగా?

అవును. ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ 2015 నివేదికలో ఈ సంగతి ఎత్తి చూపించింది: 2009-10లో పథకం కింద ఉన్న బళ్ళలో 14.69 కోట్ల పిల్లలుంటే 2013-14కి 13.87 కోట్లకి తగ్గారు, అదే సమయంలో ప్రైవేటు బళ్ళలో 4.02 కోట్ల నుంచి 5.53 కోట్లకి పెరిగారు. అసలు బడికే రాని పిల్లని భోజనం రప్పించగలదు. ఇంగ్లీషు మీడియం, టై, వ్యాను చూసి వెళ్ళిపోయే ఇంటిని గుడ్డు ఆపలేదు. ఆ లెక్కని టీచర్ల సంఖ్య, బోధన పద్దు కింద రాయాలి, పప్పు పద్దు కింద రాస్తే ఎలా?

మార్కులు పెరుగుతాయా?

తనికా చక్రబర్తి, రాజీ జయరామన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్రాలు వేర్వేరు సంవత్సరాల్లో మొదలుపెట్టిన తేడాని వాడుకుని అసర్ పరీక్షల ఫలితాలు చూశారు. ఐదేళ్ళ వరకు భోజనం అందిన పిల్లలు, ఏడాది కూడా అందని వాళ్ళకంటే చదవడంలో 18 శాతం, లెక్కల్లో 9 శాతం మెరుగ్గా ఉన్నారు. గమనించండి, ఐదేళ్ళు. ఆరు నెలల పైలట్ పెట్టి మార్కులు పెరగలేదని నిట్టూర్చేవాళ్ళకి ఇది చూపించాలి.

రెండో వైపు కూడా ఉంది. కెన్యాలో చిన్న పిల్లల బళ్ళలో లాటరీ పద్ధతిలో అల్పాహారం పెట్టి చూస్తే హాజరు 30 శాతం దాకా పెరిగింది, మార్కులు మాత్రం టీచరుకి మంచి శిక్షణ ఉన్న బళ్ళలోనే పెరిగాయి. పైగా వడ్డించడానికి పోయిన సమయం పాఠంలోంచే పోయింది. మన దగ్గర ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు బియ్యం తూకం, గుడ్ల లెక్క, ఫోటో అప్‌లోడ్ చూసుకుంటుంటే ఇంకొకరు ఐదు తరగతుల్ని కూర్చోబెట్టుకుంటారు. ఆ గంటని ఏ మూల్యాంకనంలోనూ ఖర్చు కింద రాయడం నేను పెద్దగా చూడలేదు, రాయాలి.

మన రాష్ట్రాల్లో గిడసబారిన పిల్లలు ఇంకా మూడో వంతు ఉన్నారట. పథకం విఫలమైనట్టేగా?

ఆ అంకె అయిదేళ్ళ లోపు పిల్లలది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. వాళ్ళింకా బడిలో అన్నం తినే వయసుకే రాలేదు! కడుపులో ఉన్నప్పుడూ, మొదటి రెండేళ్ళలోనూ పడిన దెబ్బది, దానికి అంగన్‌వాడీని, తల్లి తిండిని అడగాలి.

అయితే ఇక్కడే ఒక చక్కటి మలుపు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం చిన్నప్పుడు బడి భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక వాళ్ళ బిడ్డల ఎత్తు చూసింది. భోజనం అందిన తరం తల్లుల బిడ్డలు ఎత్తులో మెరుగ్గా ఉన్నారు. 2006 నుంచి 2016 మధ్య దేశంలో పిల్లల ఎత్తులో వచ్చిన మెరుగుదలలో 13 నుంచి 32 శాతం దాకా ఈ పథకంతో ముడిపడి ఉందని అంచనా. చదువు ఎక్కువ కాలం సాగడం, పిల్లలు కాస్త ఆలస్యంగా పుట్టడం, కాన్పు ఆస్పత్రిలో జరగడం, ఇవన్నీ దారులే. ఐదేళ్ళకో ప్రభుత్వం మారి పథకానికో పేరు మారే చోట ఇరవై ఏళ్ళ ఫలితం కోసం ఎవరు ఆగుతారు?

రక్తహీనత?

బీహార్ జెహానాబాద్ జిల్లాలో బడి వంటలో ఐరన్, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పు వాడితే రక్తహీనత దాదాపు 20 శాతం తగ్గింది, పరీక్షల్లో మాత్రం సగటున తేడా రాలేదు. ఆంధ్రలో రాగి జావ, చిక్కీ చేర్చింది ఈ ఉద్దేశంతోనే. వాటి ఫలితం చెప్పాలంటే ఇవ్వకముందూ, ఇచ్చాకా పిల్లల రక్తం పరీక్షించాలి, అది కూడా ఇంకా అందని బళ్ళతో పోల్చి. ఎన్ని చిక్కీలు పంచారో చెప్తే సరిపోదు.

నాణ్యతని ఎలా కొలుస్తారు? మెనూ బాగానే ఉందిగా?

మెనూ గోడ మీద ఉంటుంది, తిండి ప్లేటులో ఉంటుంది. ఆంధ్రలో మెనూ ప్రకారం వారానికి 5 గుడ్లు, తెలంగాణలో 3. అందాయా, ఎంత సైజువి, ఎన్ని పగిలాయి, పిల్ల తినిందా, జేబులో వేసుకుని చెల్లికి తీసుకెళ్ళిందా (చెల్లికి తీసుకెళ్తే అది కూడా ఒక ఫలితమే, రాసుకోండి). అందరికంటే నిజం చెప్పేది బకెట్లో పారేసిన అన్నం. దొడ్డు బియ్యం ముద్దయిపోయి పిల్లలు సగం పారేస్తుంటే కాగితం మీది 450 కేలరీలు కుక్కలకీ, పందులకీ వెళ్తున్నట్టు. తెలంగాణ 2015 జనవరి నుంచి సన్న బియ్యం ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన ఇదే, దాన్ని "రుచి కోసం ఖర్చు" అని తీసిపారేయడం నాకు నచ్చదు.

బళ్ళు నింపే యాప్‌లో రోజూ భోజనం లెక్కలు వస్తున్నాయి కదా, వేరే సర్వేలెందుకు?

యాప్‌లో వచ్చేది ఎన్ని ప్లేట్లు పెట్టామని బడి చెప్పుకున్న సంఖ్య. బిల్లు కూడా ఆ సంఖ్య మీదే వస్తుంది. కాబట్టి ఆ సంఖ్య పెరగడానికే మొగ్గు చూపుతుంది, ఇందులో ఎవరినీ దొంగ అనక్కర్లేదు. చెప్పకుండా ఓ రోజు వెళ్ళి తలలు లెక్కపెట్టి, అంతకుముందు వారం యాప్ లెక్కతో పక్కపక్కన పెడితే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. అసర్ వాళ్ళు చేసేది దాదాపు అదే, వెళ్ళిన రోజు భోజనం పెట్టారా అని కళ్ళతో చూస్తారు. 2018లో దేశం మొత్తం మీద 87.1 శాతం బళ్ళలో పెట్టారు.

వంటమ్మల జీతం, బిల్లుల సంగతి ఇందులోకి ఎందుకు తెస్తారు?

ఎందుకంటే పప్పు చిక్కదనం వాటి మీదే ఆధారపడి ఉంటుంది. కేంద్రం 2009లో వంట చేసేవాళ్ళకి నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలు అని పెట్టింది, ఇన్నేళ్ళలో అది కదల్లేదు. మన రెండు రాష్ట్రాలూ తమ డబ్బు కలిపి 3,000 చేశాయి. ఇక సరుకులకి 2025 మే నుంచి ప్రాథమిక స్థాయిలో ఒక్కో పిల్లకి రోజుకి 6.78 రూపాయలు, ఆ పై తరగతులకి 10.17. బియ్యం విడిగా వస్తాయి, నిజమే, కానీ పప్పు, కూరగాయలు, నూనె, గ్యాసు అన్నీ ఇందులోనే. ఒక్క గుడ్డు ధర ఎంతో మీకు తెలుసు, అందుకే గుడ్డుకి రాష్ట్రాలు వేరే డబ్బు పెట్టాలి.

ఆ బిల్లు కూడా నెలలు ఆలస్యమైతే బడిలో వంట బాధ్యత తీసుకున్న ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతారు. కొట్టువాడు అప్పు ఆపేసిన వారం సాంబారు నీళ్ళవుతుంది. మూల్యాంకనం చేసేవాళ్ళు ఆ వారం వచ్చి "నాణ్యత తక్కువ" అని రాసుకుని పోతారు. పథకం పెట్టినా ఫలితం రాకపోవడం వేరు, పథకాన్ని సరిగ్గా పెట్టకపోవడం వేరు. బిల్లు ఎన్ని రోజులకి వచ్చిందనే గడి లేని సర్వే ఫారం ఈ రెండిటినీ కలిపేస్తుంది.

పెద్ద వంటశాల నుంచి వ్యానులో తెస్తే మేలా, బడిలో వండితే మేలా?

శుభ్రత, లెక్క, ఒకే రకమైన పరిమాణం చూస్తే పెద్ద వంటశాలకి ఎక్కువ మార్కులు. వేడి, రుచి, ఊరి ఆడవాళ్ళకి ఉపాధి, అమ్మలు తొంగిచూసే వీలు లెక్కేస్తే బడి వంటకి. పట్నంలో మొదటిది, పల్లెలో రెండోది అని నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం: పెద్ద వంటశాలలు నడిపే అక్షయపాత్ర లాంటి సంస్థలు గుడ్డు వండవు, ఉల్లి, వెల్లుల్లి వేయవు. పోల్చేటప్పుడు గుడ్డు ఎవరు ఉడకబెడుతున్నారో కూడా చూసుకోవాలి.

కులం కూడా కొలవాలా? తిండి గురించి కదా?

కొలవాలి. వంటవాళ్ళ నియామకంలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. వండేదెవరు, వడ్డించేదెవరు, ఎవరి పిల్లలు బాక్సు తెచ్చుకుంటున్నారు, పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు అనేవి పది నిమిషాలు నిలబడితే కనబడతాయి. టీచరుని అడిగితే "మా దగ్గర అలాంటివేం లేవండీ" అనే జవాబే వస్తుంది, ఎప్పుడూ.

కొత్తగా వస్తున్న అల్పాహారం, కాలేజీ భోజనం లాంటివాటిని ఎలా చూడాలి?

2022 సెప్టెంబరులో తమిళనాడు ఉదయం టిఫిన్ మొదలుపెట్టింది, ముందు కొన్ని బళ్ళలో, ఏడాదికి మిగతావాటిలో. 2023 అక్టోబరులో తెలంగాణ తన అల్పాహార పథకాన్ని ప్రారంభించింది. 2025 జనవరిలో ఆంధ్ర ప్రభుత్వ జూనియర్ కాలేజీలకి మధ్యాహ్న భోజనం వచ్చింది. ఎలాగూ ఒకేసారి అన్నిచోట్లా పెట్టలేరు, అలాంటప్పుడు ముందు ఏ బళ్ళో చీటీ తీసి నిర్ణయిస్తే ఖర్చు లేకుండా చక్కటి మూల్యాంకనం వచ్చేస్తుంది. మంత్రిగారి నియోజకవర్గం నుంచి మొదలుపెడితే ఆ అవకాశం పోయినట్టే.

నేను పేరెంట్స్ కమిటీలో ఉన్నాను. ఇవన్నీ నాకెందుకు, నేనేం చూడాలి?

చెప్పకుండా వెళ్ళండి, ఒకసారి నెల మొదట్లో, ఒకసారి చివర్లో. అన్నం గంటకి ముందు తరగతుల్లో తలలు లెక్కపెట్టండి, తినేటప్పుడు ప్లేట్లు లెక్కపెట్టండి, మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో మళ్ళీ తలలు. మూడు అంకెలూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఆ రోజు గోడ మీద ఏం రాసి ఉంది, ప్లేటులో ఏం ఉంది. పారేసిన అన్నం ఎంత. టీచరు రుచి చూసి సంతకం పెట్టే రిజిస్టరు ఉంటుంది, 2013లో బీహార్ గండామన్‌లో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన తర్వాత రుచి చూడటం మీద పట్టు పెరిగింది. అందులో వారం సంతకాలు ఒకే పెన్నుతో ఒకేసారి పెట్టినట్టుంటే అడగండి. వంటమ్మని పక్కకి పిలిచి చివరి బిల్లు ఎప్పుడొచ్చింది, కొట్లో అప్పు ఎంతుంది అని అడగండి, హెచ్‌ఎం ముందు అడిగితే చెప్పదు.

వరుసగా 3 రోజులు, లేదా నెలలో 5 రోజులు భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలని, పెట్టని రోజులకి పిల్లలకి ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని 2015 మధ్యాహ్న భోజన నిబంధనల్లో ఉంది. మీ నోట్‌బుక్‌లో పెట్టని రోజుల తేదీలు ఉంటే ఆ భత్యం అడగడానికి ఆధారం మీ చేతిలోనే ఉన్నట్టు, అర్జీకి ఆ పేజీ జిరాక్సు జతచేసి మండల విద్యాధికారికి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.